నాగటిచాలులో రోమన్ కాసులు: నెల్లూరు తీరంలో పురాసంపద దోపిడీ, రక్షణ

నెల్లూరు దగ్గర 1786 ప్రాంతంలో ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం అడ్డుతగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు బయటపడ్డాయి. వాటి అడుగున ఒక కుండ, కుండలో బంగారు నాణేలు. అవి క్రీస్తుశకం రెండో శతాబ్దపు రోమన్ చక్రవర్తులవి. ఆ సంగతి రైతుకు తెలిసే అవకాశమే లేదు. పాత బంగారం కింద అమ్మేశాడు. కొన్నవాళ్లు చాలావాటిని కరిగించారు. అప్పటికి నెల్లూరు ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉంది. నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా ఈ సంగతి విని మిగిలినవాటిని సేకరించేసరికి చేతికందినవి ముప్పై పైచిలుకు మాత్రమే. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిని స్వయంగా చూశాడు. ఆయన 1787లో రాసిన లేఖ ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండో సంపుటంలో 1790లో అచ్చయింది. నెల్లూరు కుండ కథకు ఆధారం ఆ లేఖే.

లేఖ చిన్నదే, కానీ రాసినవాడి చూపు నిశితమైనది. ట్రాజన్ (98–117), హాడ్రియన్ (117–138) చక్రవర్తుల నాణేలు, ఫౌస్టినా అనే రాణి బొమ్మ ఉన్న నాణెం కుండలో ఉన్నట్టు అందులో ఉంది. అన్నీ మేలిమి బంగారం. కొన్ని టంకశాల దాటిన తర్వాత చేతులు మారనే లేదన్నట్టు కొత్తగా ఉన్నాయి. మరికొన్ని అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయి. వాటిని దండకో మెడకో ఆభరణంగా వేసుకుని ఉంటారని డేవిడ్సన్ ఊహించాడు. ఆ ఊహలో బలం ఉంది. దక్షిణాదిలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చిల్లులు పొడిచినవి అనేకం. నాణేలను గుచ్చి మెడలో వేసుకోవడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు, కాసులపేరు ఇప్పటికీ ఉన్న నగే. ఒకే కుండలో కొత్త నాణేలూ, నగలుగా వాడిన నాణేలూ కలిసి ఉన్నాయంటే, ఆ సంపద ఒక్కసారిగా వచ్చి పడినది కాదని, కొంత వర్తకంగా, కొంత ఇంటి బంగారంగా చేరి ఉంటుందని అనుకోవచ్చు. రెండు వాక్యాల వర్ణన నుంచే ఇంత తెలుస్తోంది.

పోయినదాని లెక్క ఇంకా పెద్దది. కుండలో మొత్తం ఎన్ని నాణేలున్నాయో తెలియదు. ఫౌస్టినా పేరుతో రోములో ఇద్దరు రాణులున్నారు. ఒకరు ఆంటోనైనస్ పయస్ భార్య, రెండో ఆమె వాళ్ల కూతురు, మార్కస్ ఆరీలియస్ భార్య. ఏ నిధినైనా అందులోని చివరి నాణెం కన్నా ముందు పూడ్చి ఉండటం అసాధ్యం కనుక, అన్నిటికన్నా తర్వాతిది ఏదో తెలిస్తే నిధి వయసుకు ఒక హద్దు దొరుకుతుంది. కరిగినవాటిలో ఇంకా తర్వాతి రాజుల నాణేలు ఉంటే? ఆ హద్దు మూసలోనే పోయింది. గుడి సంగతీ అంతే. కుండ పునాది కింద ఉంటే, కట్టడానికి ముందో, శంకుస్థాపన నాడో పెట్టి ఉంటారు. నేలను తవ్వి గోతిలో దించి ఉంటే, కట్టిన చాలాకాలానికి ఏ అలజడిలోనో దాచి ఉంటారు. ఆ తేడాను చెప్పేది మట్టి పొరలు. ఇటుకల కొలతలు తీసి ఉంటే కాలం అంచనా వేయగలిగేవాళ్లం, కుండ పెంకులున్నా కొంత తెలిసేది. లేఖలో హిందూ దేవాలయం అని ఉంది గానీ, పునాదుల ఇటుకలు మాత్రమే మిగిలిన కట్టడం గుడో బౌద్ధ నిర్మాణమో కేవలం ఆ మాట మీద నిర్ణయించలేం. పొలం ఏ ఊరిదో కూడా లేఖలో లేదు.

పురావస్తు శాస్త్రానికి ప్రాణమైన విషయం ఇక్కడే ఉంది. ట్రాజన్ నాణేలు ప్రపంచంలోని మ్యూజియాల్లో ఎన్నో ఉన్నాయి. వాటిలో ఇంకొకటి చేరినా చేరకపోయినా రోమన్ చరిత్రకు పెద్ద తేడా లేదు. నెల్లూరు మట్టిలో, ఒక గుడి అడుగున, చిల్లు పొడిచిన ట్రాజన్ నాణెం మాత్రం తెలుగు చరిత్రకు సంబంధించిన సమాచారం. వస్తువు విలువలో ఎక్కువ భాగం అది దొరికిన చోటులో ఉంటుంది. చోటు నుంచి పెరికి సంతకు చేర్చిన క్షణాన ఆ భాగం చచ్చిపోతుంది. వస్తువును తర్వాత వెనక్కి తేవచ్చు, మట్టి పొరను తేలేం.

ఇంత రోమన్ బంగారం ఈ తీరానికి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు నూలుబట్టల్లో, మిరియాల్లో, మణుల్లో ఉంది. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టర్సుల ధనాన్ని రోమన్ సామ్రాజ్యం నుంచి లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ ఒకటో శతాబ్దంలో వాపోయాడు. సెస్టర్సు రోమన్ల లెక్క నాణెం; నూరు సెస్టర్సులు ఒక బంగారు నాణెం. అదే శతాబ్దానికి చెందిన ‘పెరిప్లస్’ అనే గ్రీకు నావికుల గ్రంథం కృష్ణా ముఖద్వారపు మసాలియాలో సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. ఒక్కో రోమన్ బంగారు నాణెం ఏడు గ్రాముల పైచిలుకు తూగేది, కల్తీ దాదాపు శూన్యం. దాని అదృష్టమూ దురదృష్టమూ ఆ స్వచ్ఛతే. వర్తకులు దాన్ని మెచ్చి తెచ్చారు, కంసాలులు అదే కారణంతో కరిగించారు. పల్నాటి వినుకొండలో 1889లో బయటపడిన రోమన్ బంగారు నాణేలు మాత్రం మద్రాసు మ్యూజియానికి చేరాయి. నెల్లూరుకూ వినుకొండకూ మధ్య నూరేళ్ల తేడా ఉంది. ఆ నూరేళ్లలో ఒక చట్టం వచ్చింది.

అది 1878 నాటి భారత నిక్షేపాల చట్టం. భూమిలో దాచిన, పది రూపాయలకు మించి విలువైన ఏ వస్తువు దొరికినా, దొరికినవాళ్లు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలని అది శాసించింది. ఏమి దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ రోజున దొరికింది అన్నీ అందులో రాయాలి. హక్కుదారులు ముందుకు రావడానికి కలెక్టరు ప్రకటన ఇస్తారు. నూరేళ్లలోపు దాచిన సొత్తు అని ఎవరూ రుజువు చేసుకోలేకపోతే అది యజమాని లేని నిక్షేపం అవుతుంది. అందులో ముప్పాతిక వంతు దొరికినవారికి, పాతిక వంతు భూయజమానికి. ప్రభుత్వం ఉంచుకోదలిస్తే లోహపు విలువకు మరో ఐదో వంతు కలిపి చెల్లించాలి. కబురు చేయకుండా దాచుకున్నవారికి వాటా పోవడంతో పాటు ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు.

రైతును దొంగగా చూడకుండా వాటాదారుగా చూసిన చట్టం ఇది. దీనిలో నిజమైన వివేకం ఉంది. అయితే ఇందులో పెద్ద లోపమూ ఉంది. లోహపు విలువ మీద ఐదో వంతు అంటే, మేలిమి బంగారానికి సరే. కుండపెంకుకు, మట్టిబొమ్మకు, రాగిరేకుకు ఆ లెక్కన వచ్చేది దాదాపు ఏమీ లేదు. శాస్త్రానికి ఎక్కువ అక్కరకొచ్చేవి అవే. పైగా ఊళ్లలో పాతుకుపోయిన భయం వేరు. చెబితే మొత్తం తీసుకుపోతారు, పొలంలో తవ్వకాలు పెడతారు, స్టేషను చుట్టూ తిప్పుతారు అని. ఈ భయాన్ని పోగొట్టే పని చట్టం ఒక్కటే చేయలేదు.

రాగిరేకుల విషయంలో ఈ లోపం మరీ బాధపెడుతుంది. నెల్లూరు ప్రాంతాన్ని పల్లవుల నాటి శాసనాలు ముండరాష్ట్రం అన్నాయి. ఆ పేరు మనకు తెలిసింది ఉరువుపల్లి, పీకిర వంటి దానశాసనాల వల్ల. అవి రాగిరేకుల మీద చెక్కి, ఉంగరంతో గుచ్చి, రాజముద్ర వేసిన పత్రాలు. దానం ఇచ్చిన రాజు, తీసుకున్న బ్రాహ్మణుడో గుడో, ఊరి పేరు, ఎల్లలు, మినహాయించిన పన్నులు వాటిలో ఉంటాయి. ఒక వంశపు కాలక్రమం మొత్తం కొన్ని రేకుల మీద ఆధారపడిన సందర్భాలున్నాయి. అలాంటి రేకు కంచరి కొలిమికి వెళితే బిందె అడుగుకో అతుకు అవుతుంది. ఎన్ని వెళ్లాయో లెక్క చెప్పగలవారు లేరు.

ఆ నష్టానికి అడ్డుకట్ట వేసిన పని ఒకటి నెల్లూరులోనే జరిగింది. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి అనే ఇద్దరు అధికారులు జిల్లాలోని రాగిరేకుల, రాతి శాసనాల పాఠాలను తాలూకాల వారీగా సేకరించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేయించారు. తర్వాత రాయి పగిలినా, రేకు మాయమైనా పాఠం మిగులుతుంది. అంతకన్నా ముఖ్యం, ఫలానా శాసనం ఫలానా ఊళ్లో ఉందని అచ్చులో సాక్ష్యం ఉంటుంది. దొంగసొత్తు ఎప్పుడైనా ఎక్కడైనా తేలితే, అది ఎవరిదో చెప్పే సాక్ష్యం అదే. పురాసంపద రక్షణ చరిత్రలో ఈ మూడు సంపుటాలకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

మధ్య అమెరికా అడవుల్లో మాయా నాగరికతకు ఇదే పని ఆలస్యంగా మొదలైంది. గ్వాటెమాలాలోని పెటెన్ అడవుల్లో మాయా రాజులు నిలిపిన శిలాస్తంభాల మీద వంశావళులు, తేదీలు, యుద్ధాలు చెక్కి ఉంటాయి. 1960లలో దొంగలు వాటి బరువు తగ్గించడానికి ముఖభాగాన్ని రంపాలతో పలకలుగా కోసి, ముక్కలు చేసి, విదేశీ సంతకు తరలించారు. ఇయాన్ గ్రాహం అనే పరిశోధకుడు కాలినడకన తిరిగి ఒక్కొక్క శాసనాన్నీ ఫోటో తీసి, గీసి భద్రపరిచాడు. 1971లో లా నయా అనే చోట దొంగలు జరిపిన కాల్పుల్లో ఆయన వెంట ఉన్న స్థానికుడు ప్రాణాలు కోల్పోయాడు. మచకీలా అనే నగరంలోని రెండో శిలాస్తంభం ముక్కలై అమెరికా చేరినప్పుడు, అది గ్వాటెమాలాదేనని తేల్చడానికి అక్కరకొచ్చింది గ్రాహం దాన్ని చోటులో ఉండగానే నమోదు చేసిన చిత్రం. 1974లో అమెరికా అప్పీలు న్యాయస్థానం ఆ కేసులో శిక్షను ఖాయపరిచింది. అడవిలో తీసిన ఒక ఫోటో సముద్రాల అవతల న్యాయస్థానంలో నిలబడింది.

నెల్లూరుకు ఉత్తరాన, ప్రకాశం జిల్లా చందవరం కథ దీనికి తోబుట్టువు. గుండ్లకమ్మ ఒడ్డున, దొనకొండకు దగ్గరలో కొండ మీద సాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం ఉంది. వేలూరి వెంకట కృష్ణశాస్త్రి 1964లో దాన్ని గుర్తించారు, 1970లలో తవ్వకాలు జరిగాయి. దొరికిన సున్నపురాతి శిల్పఫలకాలను అక్కడే భద్రపరిచారు. ఊరికి దూరంగా ఉన్న ఆ చోట 2000 తర్వాత దొంగలు పడ్డారు. పోయినవాటిలో బుద్ధుణ్ణి అర్చిస్తున్న భక్తులను చెక్కిన మూడో శతాబ్దపు ఫలకం ఒకటి. దాన్ని 2005లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ కళాశాల 5,95,000 డాలర్లకు కొన్నది. అమ్మింది న్యూయార్కులోని సుభాష్ కపూర్ దుకాణం. ఆ ఫలకం 1990లలో భారతదేశంలోనే ఉన్నట్టు చూపించే ఫోటో బయటపడటంతో అమ్మకందారు చెప్పిన కథ కూలిపోయింది. 2016 సెప్టెంబరులో ఆస్ట్రేలియా దాన్ని భారత్‌కు అప్పగించింది. కపూర్‌ను 2011లో జర్మనీలో పట్టుకుని 2012లో భారత్‌కు తెచ్చారు; తమిళనాడు విగ్రహాల చోరీ కేసులో కుంభకోణం న్యాయస్థానం 2022 నవంబరులో పదేళ్ల జైలుశిక్ష విధించింది.

ఇలాంటి రవాణా ఒక మనిషి పని కాదు. గుడి తాళం పగలగొట్టేవాడికి దక్కేది కొన్ని వేలో లక్షలో. మధ్యవర్తి దాన్ని రేవు పట్నం చేరుస్తాడు. అక్కడ కొత్తగా చేసిన హస్తకళా వస్తువుల మధ్య పెట్టి, అదీ కొత్తదేనని కాగితాల్లో రాసి ఓడ ఎక్కిస్తారు. సముద్రం దాటాక పాత్ర తిరగబడుతుంది. ఇప్పుడది ప్రాచీనమైనది కావాలి, కానీ ఈమధ్య దొంగిలించినది కాకూడదు. అందుకు, 1970కో 1972కో ముందే ఎవరో కొని దేశం దాటించారని పాత తేదీలతో ఉత్తరాలు పుట్టిస్తారు. ఆ ఏళ్లకు కారణముంది. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను నిషేధించే యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. భారత పురావస్తువుల, కళాఖండాల చట్టం 1972లో వచ్చి, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన వస్తువును, డెబ్బై ఐదేళ్లు దాటిన రాతప్రతిని కేంద్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప మరెవరూ దేశం దాటించకూడదు. అమ్మేవారికి లైసెన్సు ఉండాలి. అక్రమ ఎగుమతికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. ఆరు లక్షల డాలర్ల సరుకు ఎదుట ఈ శిక్ష చిన్నది.

విదేశీ సంత ఇలా ఉంటే, ఊళ్లో జరిగే విధ్వంసానికి మూలం మరొకటి. లంకెబిందెల ఆశ. పూజలు ఆగిపోయిన గుళ్లు, పాడుబడిన కోటలు, కొండ గుహలు గుప్తనిధుల వేటగాళ్లకు లక్ష్యాలు. విజయనగర రాజుల కాలంలో కీలకమైన దుర్గంగా ఉన్న ఉదయగిరి వంటి చోట్ల ఎవరైనా నిధి ఉందనుకోవడం సులువు. నంది కడుపులో రత్నాలున్నాయని నందిని పగలగొడతారు, లింగం కింద బంగారం ఉందని పానవట్టం పెకలిస్తారు. అర్ధరాత్రి పూజలు, మెటల్ డిటెక్టర్లు, జిలెటిన్ కడ్డీలు అన్నీ వాడతారు. దొరికేది దాదాపు ఏమీ ఉండదు. గర్భగుడిలో ప్రతిష్ఠ నాడు ఉంచే కాసిని నవరత్నపు పొడులు, లోహపు రేకులు తప్ప నిధి అనదగినది ఉండటం చాలా అరుదు. పాత రాగి చెంబులో ఇరిడియం ఉందని, అది బియ్యపు గింజలను లాగుతుందని చెప్పే రైస్ పుల్లింగ్ మోసం ఈ ఆశకే మరో రూపం. రాగి చెంబుకు అలాంటి శక్తి లేదు, ఇరిడియానికీ లేదు. ఈ మాట బడిలో భౌతికశాస్త్రం చెప్పేటప్పుడే చెప్పాలి. పగిలిన నంది మళ్లీ అతకదు, ఆ గుడి శాసనపు రాయి పల్టీ కొట్టి పడితే దాన్ని చదివే కాలం రాకపోవచ్చు.

తీరప్రాంతంలో దొంగ లేకుండానే ఇదే నష్టం జరుగుతోంది. పాత ఊళ్లు కూలి, వాటి మీద మళ్లీ ఊళ్లు వెలిసి, మట్టి పేరుకున్న దిబ్బలను రైతులు పాటిదిబ్బలంటారు. బూడిద, ఎముకలు, ఎరువు కలిసిన పాటిమన్నును పొలాలకు తోలుకోవడం పాత అలవాటు. గంపలతో తోలిన రోజుల్లో దిబ్బ తరాల తరబడి మిగిలేది. యంత్రాలతో రొయ్యల గుంటలు తవ్వడం మొదలయ్యాక పని రోజుల్లోకి వచ్చింది. గుంట తవ్వే యంత్రపు బకెట్టులో పూసలు, పెంకులు, నాణేలు, ఇటుకలు ఒకేసారి లేచి గట్టు కింద పడతాయి. ఏ పొర ఎక్కడిదో ఇక చెప్పలేం. రక్షిత కట్టడాల చుట్టూ నూరు మీటర్లలో కొత్త నిర్మాణాన్ని, తవ్వకాన్ని 2010 చట్ట సవరణ నిషేధించింది. ఆపై రెండు వందల మీటర్లలో అనుమతి తీసుకోవాలి. అయితే ఇది జాతీయ ప్రాధాన్యం ఉన్నవని ప్రకటించిన చోట్లకే. పేరు లేని పాటిదిబ్బకు ఆ గొడుగు లేదు.

దీనికి ఉన్న మందులు ఖరీదైనవి కావు. మొదటిది జాబితా. పోయిన వస్తువులను గుర్తించడానికి 1997లో రూపొందిన అంతర్జాతీయ నమూనా ఒకటుంది. వస్తువు రకం, పదార్థం, కొలతలు, గుర్తులు, రాతలు, ఒక్కదానికే ఉన్న ప్రత్యేకతలు రాసి, అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయాలి. ప్రత్యేకతలు అంటే విరిగిన వేలు, అరిగిన ముక్కు, అతుకు వేసిన చెయ్యి వంటివి. శిల్పులు ఒకే ధ్యానశ్లోకాన్ని అనుసరించి నూరు విగ్రహాలు చేయవచ్చు, ఒకే చోట విరిగినవి రెండుండవు. పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ 1950ల నుంచి దక్షిణాది గుళ్లలో తీసిన ఫోటోల భాండారమే తమిళనాడు విగ్రహాలెన్నింటినో విదేశీ మ్యూజియాల్లో గుర్తుపట్టించింది. నెల్లూరు తీరపు గుళ్లలో ఉత్సవ విగ్రహాలకు ఇలాంటి ఫోటోలు ఇప్పుడు ఫోనుతోనే తీయవచ్చు. కొలతకు పక్కన స్కేలు పెట్టి, తేదీ రాసి, ఒక ప్రతి గుడిలో, మరో ప్రతి దేవాదాయ శాఖ వద్ద ఉంచితే చాలు. పోయిన మర్నాడు పోలీసుల చేతిలో ఉండాల్సింది అదే. ఇంటర్‌పోల్ దొంగసొత్తు కళాఖండాల జాబితాలో చేర్చాలన్నా ఫోటో కావాలి. అక్కడి నుంచి ఆ వివరం ప్రపంచంలో ఏ వేలంశాలకైనా అందుబాటులో ఉంటుంది.

రెండోది దేశాల మధ్య ఒప్పందాలు. గ్వాటెమాలాలోని పెటెన్ ప్రాంతపు మాయా వస్తువుల దిగుమతిని అమెరికా 1991లో అత్యవసరంగా నిషేధించింది. భారతదేశానికి అమెరికాతో అలాంటి సాంస్కృతిక సంపద ఒప్పందం కుదరడానికి 2024 జులై దాకా పట్టింది. ఇలాంటి ఒప్పందం ఉంటే ప్రతి విగ్రహానికీ విడిగా కేసు నడపక్కర్లేకుండా, అనుమతి పత్రాలు లేని సరుకును రేవులోనే ఆపే వీలు ఉంటుంది.

మూడోది, దొరికినవారు చేయవలసినది. దున్నుతున్నప్పుడు, బావి తవ్వుతున్నప్పుడు, గుంట తవ్వుతున్నప్పుడు పాత వస్తువు కనబడితే అక్కడ పని ఆపాలి. కుండను పైకి తీయకుండా ఉన్నచోటే, పక్కన చేతికర్రో స్కేలో పెట్టి ఫోటో తీయాలి. నాణేలను చింతపండుతో తోమకూడదు. తోమితే అక్షరాలు, వాటి మీది మన్ను, ఆ మన్ను చెప్పే సంగతులు పోతాయి. రాగిరేకుల ఉంగరాన్ని విప్పకూడదు. కుండలో మట్టి ఉంటే పారబోయకూడదు, అందులో గింజలో బొగ్గో ఉంటే దాని కాలాన్ని లెక్కకట్టవచ్చు. వీఆర్వో ద్వారానో తహసీల్దారు ద్వారానో కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. దొరికినవారి వాటా హక్కు నిలబడేది ఆ కాగితం మీదే. పురావస్తు శాఖ వారు వచ్చేదాకా గోతిని గోనెపట్టాతో కప్పి, మట్టిని కూలనివ్వకుండా చూడాలి. వచ్చిన అధికారి రాసుకునే వివరాల్లో సర్వే నంబరు, భూమి పైనుంచి లోతు, ఆ రోజు తేదీ తప్పనిసరిగా ఉండేలా పొలం యజమాని అడిగి మరీ రాయించుకోవచ్చు.